చందా కట్టనక్కర్లేని రోజులు

మా అమ్మాయి వాళ్లు ప్లేనోలో ఉంటారు. ఆ మధ్య అక్కడ ఒక పుట్టినరోజు పార్టీలో ప్రణతి అనే అమ్మాయి నన్ను పక్కకి పిలిచి ఒక ప్రశ్న అడిగింది. టెక్సాస్‌లోనే వేరే ఊళ్లో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో ఆమెకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. "ఆంటీ, అక్కడ యూనియన్ ఉందట. ఈ స్టేట్‌లో జాయిన్ అవ్వక్కర్లేదు, ఫీజ్ కట్టక్కర్లేదు అంటున్నారు. కట్టకపోయినా అన్నీ వస్తాయట. మరి కట్టేవాళ్లు ఎందుకు కడుతున్నారు?" అంది. చేతిలో కేకు ప్లేటు పట్టుకుని నిలబడి చెప్పే జవాబు కాదు కాబట్టి, రాసి పంపిస్తానన్నాను. రాయడం మొదలుపెట్టాక అది ఆమె ఒక్కదానికే సరిపోయే ఉత్తరంలా లేదు. ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఎవరైనా చదువుకోవచ్చు.

నేను మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నాలజిస్ట్‌గా పనిచేసి రిటైరయ్యాను. తెనాలిలో బీఎస్సీ చదివి, పెళ్లయి వచ్చి, ఇక్కడ మళ్లీ చదువుకుని పరీక్ష రాసి ఉద్యోగంలో చేరాను. రక్తం, మూత్రం, కల్చర్ ప్లేట్లు నాకు అన్నం పెట్టాయి. దాంతోపాటు చాలా ఏళ్లు యూనియన్ స్టీవార్డ్‌ని. యూనియన్ అనగానే మనవాళ్లకు ఎర్రజెండాలు, మైకులు గుర్తొస్తాయి. నేను ఒక్కసారి కూడా మైకు పట్టుకోలేదు. తోటివాళ్లను మేనేజర్ పిలిచి నిలదీసినప్పుడు వెళ్లి పక్కన కూర్చోవడం, ఆస్పత్రితో యూనియన్ చేసుకున్న కాంట్రాక్ట్‌లో రాసింది జరుగుతోందా లేదా చూడడం, జరగకపోతే గ్రీవెన్స్, అంటే రాతపూర్వకంగా ఫిర్యాదు, వేయడం నా పని. దీనికి జీతం లేదు, తిట్లు మాత్రం రెండు వైపుల నుంచీ వచ్చేవి.

బెర్నిస్

నాకు ఈ పని నేర్పింది బెర్నిస్. నల్లజాతి మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద, వార్డుల్లో తిరిగి రక్తం తీసే ఉద్యోగం. ఆమె సూది గుచ్చితే తెలిసేది కాదు. నోరు తెరిస్తే మాత్రం తెలిసేది.

బ్రేక్ రూమ్‌లో కిటికీ పక్కనున్న గుండ్రటి బల్ల ఆమె ఆఫీసు. అక్కడే తినేది, అక్కడే అందరి గొడవలూ వినేది. కొత్తగా చేరినవాళ్లు వస్తే ముందు పిల్లల ఫోటోలు చూపించమనేది, ఆ తర్వాతే యూనియన్ సంగతి. నా డబ్బాలో పులిహోర కనిపిస్తే తన శాండ్‌విచ్ నా వైపు తోసేసి చెంచా తీసుకునేది. నేను శాకాహారినని ఎన్నిసార్లు చెప్పినా ఆ శాండ్‌విచ్‌లో టర్కీ కోడి మాంసం ఉండేది, అది ఆమెకు గుర్తుండేది కాదు.

నేను ఆమె దగ్గరికి వెళ్లలేదు, ఆమే నా దగ్గరికి వచ్చింది. చేరిన కొత్తలో క్రిస్మస్‌కీ, థాంక్స్‌గివింగ్‌కీ వరసగా నాకే డ్యూటీ పడేది. పడడమేమిటి, నేనే వేయించుకునేదాన్ని. వాళ్ల పండగ కదా, పోనీలే అని మన మర్యాద. ఒక క్రిస్మస్ రోజు బెర్నిస్ ల్యాబ్‌లోకి వచ్చి, "ఎప్పుడూ నువ్వే ఎందుకుంటావు?" అని అడిగింది.

"మేం క్రిస్మస్ చేసుకోం," అన్నాను.

"మంచిది. మీరు చేసుకునే పండక్కి నీకు సెలవిచ్చారా?"

"అడగలేదు."

"కాంట్రాక్ట్‌లో పండగ డ్యూటీలు వంతుల ప్రకారం వేయాలని ఉంది. నువ్వు నీ వంతు వదిలేస్తే అది మంచితనం. వాళ్లు అడక్కుండానే తీసుకుంటే అది అలవాటు. అలవాటైపోయాక అది నీ డ్యూటీ."

మరుసటి ఏడాది దీపావళికి సెలవు తీసుకున్నాను. ఏమీ గొడవ జరగలేదు, ఆకాశం విరిగి పడలేదు. మనవాళ్లకు చెప్పే మొదటి మాట అప్పటినుంచీ ఇదే: అడగకుండా ఇచ్చే మర్యాదకు ఒక హద్దు పెట్టుకోండి.

మీటింగ్ ఉన్న రోజు బెర్నిస్ మంచి కోటు వేసుకుని, కడుపునిండా తిని వచ్చేది. ఆకలితో ఉన్నవాళ్లు తొందరగా ఒప్పేసుకుంటారని ఆమె నమ్మకం. మీటింగ్‌లో ఎంత అరుచుకున్నా మర్నాడు మేనేజర్‌కి పేరు పెట్టి గుడ్ మార్నింగ్ చెప్పేది. నాకు అది చేతకావడానికి చాలా కాలం పట్టింది. కోపం వస్తే నా ముఖం దాచుకోలేదు, మా అమ్మ పోలిక.

యూనియన్ ఎప్పుడూ న్యాయం వైపే ఉందని నేను చెప్పను. పనిలో నిద్రపోయే ఒక మహానుభావుణ్ని ఒకసారి తీసేస్తే, తీసేసిన పద్ధతి తప్పని వాదించి వెనక్కి తెచ్చుకున్నాం. అతను వచ్చి మళ్లీ నిద్రపోయాడు. అతని పని మేమందరం పంచుకుని చేశాం. ఆ గెలుపు నాకు ఈ రోజుకీ మింగుడుపడదు.

చట్టం వచ్చింది

మొదట్లో మా దగ్గర పద్ధతి ఇలా ఉండేది. యూనియన్ మాట్లాడి తెచ్చిన కాంట్రాక్ట్ ల్యాబ్, ఎక్స్‌రే లాంటి మా విభాగాల్లో అందరికీ వర్తిస్తుంది కాబట్టి అందరూ ఎంతో కొంత కట్టాలి. సభ్యులు చందా కడతారు. సభ్యత్వం వద్దనుకున్నవాళ్లు కాస్త తక్కువ ఫీజు కడతారు. రెండూ జీతంలోంచే పోయేవి.

ఆ తర్వాత మిషిగన్‌లో 'రైట్ టు వర్క్' చట్టం వచ్చింది. పేరు వింటే ఉద్యోగం దొరికే హక్కేమో అనుకుంటారు. దాని సారం ఏమిటంటే, యూనియన్‌కి డబ్బు కట్టమని ఎవరినీ బలవంతం చేయకూడదు. అయితే కట్టనివాళ్ల తరఫున కూడా యూనియన్ మాట్లాడాల్సిందే. జీతాలు పెరిగితే వాళ్లకీ పెరుగుతాయి, వాళ్లను తీసేస్తే వాళ్ల కోసమూ వాదించాలి. ఆ బాధ్యత దేశమంతటికీ ముందునుంచీ ఉంది, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

మా ఆయన కార్ల కంపెనీలో మేనేజర్‌గా చేసేవారు. యూనియన్ పేరెత్తితే ఆయనకు తుమ్ములొచ్చేవి. "ఇష్టం లేనివాడి జేబులో చెయ్యి పెట్టడం ఏం న్యాయం?" అనేవారు. "తిని లేచి, బిల్లు పక్కవాడి ముందుకు తోయడం ఏం న్యాయం?" అనేదాన్ని. ఆ వారమంతా మా ఇంట్లో చారు చల్లారిపోయాకే తిన్నాం.

చట్టం మా కాంట్రాక్ట్‌కి వర్తించిన వారంలోనే కొందరు సభ్యత్వం కార్డులు వెనక్కి ఇచ్చేశారు. కొందరు ఎదురుపడితే ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. బెర్నిస్ ఎవరినీ ఏమీ అనలేదు. "వెళ్లినవాళ్లు కూడా ఈ బల్ల దగ్గరే తింటారు. కుర్చీ తీసేస్తే నేనే తిరిగి వేస్తాను," అని మాకు ముందే చెప్పింది.

ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజుల మీదే నాకు ఎక్కువ బెంగ. అప్పుడు ఆ చట్టాన్ని తిట్టుకోని రోజు లేదు. కాని అంతకుముందు డబ్బు దానంతటదే వచ్చేది, మేమూ కొంత బద్ధకించాం. కొత్తవాళ్ల పేర్లు కూడా తెలుసుకోకుండా నెలలు గడిపిన స్టీవార్డులున్నారు. చట్టం వచ్చాక ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి కూర్చోవాల్సి వచ్చింది. ఎవరి బిడ్డకు జ్వరం, ఎవరికి నడుంనొప్పి, ఎవరికి మేనేజర్ అంటే భయం, అన్నీ తెలిసేవి. సమోసాలు, డోనట్లు, బెర్నిస్ తెచ్చే మొక్కజొన్న రొట్టె బల్లమీద పెట్టుకుని వాదించుకునేవాళ్లం. వెచ్చగా ఉండేది ఆ బల్ల.

నారాయణ

అందరిలోనూ నా దగ్గరికి నేరుగా వచ్చి చెప్పి వెళ్లినవాడు నారాయణ ఒక్కడే.

నారాయణది కరీంనగర్ వైపు. అక్కడ కాలేజీలో జువాలజీ చెప్పేవాడు. భార్య సరోజ అన్నగారు స్పాన్సర్ చేస్తే, నడివయసులో గ్రీన్ కార్డ్ మీద వచ్చి, చదువుకుని మా ల్యాబ్‌లో చేరాడు. బెంచ్ మీద పని నేర్పింది నేనే. మొదటి రోజునుంచే నన్ను అక్కా అన్నాడు. మనిషి నెమ్మది, పని శుభ్రం.

"అక్కా, మీకు చెప్పకుండ చేస్తే తప్పయితది. నేను యూనియన్ల నుంచి బయటికి పోతున్న," అన్నాడు.

"ఎందుకు నారాయణా?"

"మా నాయిన నూలు మిల్లుల చేసేటోడు. యూనియనోళ్లు సమ్మె చేయించిన్రు. మిల్లు మూతపడ్డది. లీడరు ఇల్లు కట్టుకున్నడు. మా నాయిన మళ్ల ఉద్యోగం చూడలేదు. మీ మీద గౌరవం ఉన్నదక్కా. యూనియన్ అన్న మాట మీదనే నాకు నమ్మకం లేదు."

వాళ్ల నాన్నకు జరిగింది అబద్ధమా? సరే అన్నాను. కోపం రాలేదంటే మాత్రం అబద్ధం.

ఒక్క మాటకి ఉద్యోగం

తర్వాత కొన్నేళ్లకు జరిగిన సంగతి ఇది. ఇద్దరు రోగుల పొటాషియం ఫలితాలు తారుమారయ్యాయి. ఆరోగ్యంగా ఉన్న ఒక కుర్రాడికి భయపడాల్సినంత అంకె వచ్చింది. డాక్టర్‌కి అనుమానం వచ్చి మళ్లీ రక్తం తీయించాడు కాబట్టి సరిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆ ఫిర్యాదు మా ల్యాబ్‌కి వచ్చేసరికి వారం దాటింది. నియమం ప్రకారం ఆ రక్తం ట్యూబులు అప్పటికే పారేశారు. పొరపాటు వార్డులో రక్తం తీసేటప్పుడు జరిగిందా, ల్యాబ్‌లో బార్‌కోడ్ అంటించేటప్పుడు జరిగిందా, తేల్చే దారి లేదు. ఎక్కడ జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ సాయంత్రం బార్‌కోడ్ బెంచ్ మీద ఉన్నది నారాయణ. ఇద్దరు చేయాల్సిన పని, ఖాళీలు నింపక అతనొక్కడే చేస్తున్నాడు.

మా మేనేజర్ డెబ్రా చెడ్డ మనిషి కాదు, భయస్తురాలు. నా అనుభవంలో చెడ్డ బాసులకంటే భయపడే బాసులతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. పైవాళ్లు గద్దిస్తే వాళ్లకు కింద ఎవరో ఒకరిని చూపించక తప్పదు. డెబ్రా నారాయణను గదిలోకి పిలిచి గట్టిగా మాట్లాడింది. యూనియన్ ఉన్న చోట ఇలా విచారణకు పిలిస్తే, స్టీవార్డ్ కావాలని అడగవచ్చు. చందా కట్టినా కట్టకపోయినా ఆ హక్కు ఉంటుంది. కాని మనంతట మనమే అడగాలి, వాళ్లు అడగరు. నారాయణ అడగలేదు.

అడగకపోగా ఇంకో పని చేశాడు. "సారీ మేడమ్, మిస్టేక్ అయింది, ఇంకోసారి జరగదు," అన్నాడు. డెబ్రా దాన్ని ఒప్పుకోలుగా రాసుకుంది. మూడోరోజుకి ఉద్యోగం తీసేశారు.

నాకు కబురు అతను చెప్పలేదు. సరోజ ఫోన్ చేసింది.

"వదినా, మీకు చెప్పొద్దన్నడు. యూనియన్ల లేను కద, ఏ ముఖం పెట్టుకొని అడుగుత అంటున్నడు. నాకు కీమో ఇంక సగం ఉన్నది. ఇన్సూరెన్స్ ఈ నెలాఖరు దాకనే అన్నరు."

సరోజకు రొమ్ము కేన్సర్ అని నాకు తెలుసు. మా ఆస్పత్రిలోనే వైద్యం. ఉద్యోగం పోతే బీమా పోతుంది, బీమా పోతే ఆ వైద్యం మధ్యలో ఆగుతుంది.

"ముఖం సంగతి తర్వాత చూద్దాం. రేప్పొద్దున్నే అతన్ని మా ఇంటికి పంపించు," అన్నాను.

మోయడం

ముందు ఆ సాయంత్రమే యూనియన్ కమిటీలో గట్టెక్కాలి. కేసు ముదిరి తీర్పు చెప్పే మధ్యవర్తి దాకా వెళ్తే లాయర్ ఖర్చు, ఆ మధ్యవర్తి ఫీజు యూనియన్ పెట్టుకోవాలి. ఎక్స్‌రేలో చేసే గ్లెన్ లేచాడు. పాత సభ్యుడు, ఒక్క నెల కూడా చందా ఆపినవాడు కాదు.

"అతను మనల్ని వద్దనుకున్నాడు. ఇప్పుడు నా డబ్బుతో అతనికి లాయరా?" అన్నాడు.

గ్లెన్ మాటలో తప్పు పట్టలేకపోయాను. నా కడుపులో ఉన్న మాటే అతను పైకి అన్నాడు. పైగా చట్టం వాదించమంటుంది గాని, ఎంత గట్టిగా వాదించాలో చెప్పదు. కేసులో బలం లేదని రెండు ముక్కలు రాసి వదిలేస్తే అడిగేవాళ్లు లేరు. బలం నిజంగానే లేదు కూడా, నోటితో తప్పని ఒప్పుకున్న మనిషి కేసు అది.

బెర్నిస్ అప్పటికి రిటైర్మెంట్‌కి దగ్గరలో ఉంది. అందరూ మాట్లాడడం అయ్యాక, "అతన్ని మొయ్యాలని చట్టం ఎలాగూ చెప్పింది. మోసేటప్పుడు మూలుగుతూ మోస్తామా, మనవాణ్ని మోసినట్టు మోస్తామా, అదొక్కటే మన చేతిలో ఉంది. మనవాణ్ని మోసినట్టే మోద్దాం," అంది. ఓటు పెట్టారు, చాలా తక్కువ తేడాతో గట్టెక్కింది. గ్లెన్ వ్యతిరేకంగా వేశాడు, వేశానని నాకు చెప్పి మరీ వెళ్లాడు.

రిహార్సల్

మర్నాడు నారాయణ మా డైనింగ్ టేబుల్ దగ్గర తలొంచుకుని కూర్చున్నాడు.

"అసలు నువ్వు చేశావా?" అని అడిగాను.

"యాదికి లేదక్కా. చేసిన అందామంటే చేసినట్టు గుర్తులేదు, చెయ్యలేదంటే అబద్ధమైతదేమోనని భయం. సాయంత్రమైతే ట్యూబులు కుప్పలుగ వస్తయి."

"మరి తప్పయిందని ఎందుకన్నావయ్యా?"

"ఆమె ముఖం ఎర్రగైంది. పెద్దామె. కోపం మీదున్నది. ముందుగాల సారీ అంటే చల్లబడ్తది, తర్వాత నెమ్మదిగ చెప్పొచ్చు అనుకున్న. తర్వాత చెప్పనియ్యలేదు."

నాకు ఆ ఒక్క ముక్కతో అంతా అర్థమైంది. మనలో ఎవరికి అర్థం కాదు? హెడ్మాస్టరు కళ్లెర్రజేస్తే ముందు 'తప్పయిపోయిందండీ' అంటాం, ఏం తప్పో తర్వాత కనుక్కుంటాం. ఆఫీసులో గుమాస్తా విసుక్కుంటే చేతులు కట్టుకుంటాం. పెద్దవాళ్ల కోపం ముందు తల వంచడం మనకు చిన్నప్పుడే వంటబట్టిన పద్ధతి. మన దగ్గర అలా వంచితే సగం పని జరుగుతుంది. ఇక్కడ వంచిన మెడ మీదే కత్తి పడింది.

మా గ్రీవెన్స్ వినేది ఆస్పత్రి హెచ్.ఆర్. డైరెక్టర్ కాబట్టి, ఆ మీటింగ్‌కి రిహార్సల్ మొదలుపెట్టాం. డైరెక్టర్ వేషం మా ఆయనది. యూనియన్ అంటే గిట్టని మనిషి కాబట్టి పాత్ర బాగా పండింది. టై కూడా కట్టుకున్నారు.

"మిస్టర్ నారాయణ, దీనికి మీ సమాధానం ఏమిటి?" అని గద్దించారు.

"సారీ బావా," అన్నాడు నారాయణ.

"సారీ అనొద్దని కదా చెప్పేది," అన్నాను.

"సారీ అక్కా."

మధ్యాహ్నం దాకా ఇదే వరస. నేను మజ్జిగ తెచ్చిస్తే, తెచ్చినందుకు ఒక సారీ. మా ఆయన టై విప్పేసి, "సుగుణా, ఈయన్ని మాట్లాడనివ్వకు. నువ్వే మాట్లాడు," అని తేల్చేశారు. నారాయణ మాత్రం పట్టుదలగా కారు ఎక్కేదాకా పాఠం అప్పజెప్పాడు: ప్రశ్న వినాలి, ఆగాలి, జరిగింది మాత్రమే చెప్పాలి, సారీ అనకూడదు.

లిఫ్ట్

మీటింగ్ ఆ వారంలోనే, ఆస్పత్రి నాలుగో అంతస్తులో. మేం ముందే వెళ్లి కూర్చున్నాం. బల్లకి అటు డెబ్రా, ఇటు నారాయణ, నేను, మంచి కోటు వేసుకున్న బెర్నిస్. ఆ రోజు లిఫ్ట్ పాడైంది. డైరెక్టర్ లావుపాటి మనిషి, మెట్లన్నీ ఎక్కి, ఆలస్యంగా, రొప్పుతూ లోపలికి వచ్చాడు.

నారాయణ చటుక్కున లేచి నిలబడి, "సారీ సర్," అన్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది. డైరెక్టర్ కుర్చీలో కూలబడి, "ఆలస్యంగా వచ్చింది నేను. నువ్వెందుకు సారీ చెబుతున్నావు?" అన్నాడు.

"లిఫ్ట్ పనిచేయడం లేదు సర్. నా గురించి మీరు నడిచి రావాల్సి వచ్చింది. సారీ సర్."

బెర్నిస్ బల్ల కింద నా కాలు నొక్కింది. నేను చెప్పాలనుకుని సిద్ధం చేసుకున్నదంతా పక్కన పెట్టేశాను.

"సర్, లిఫ్ట్ పాడుచేసింది నారాయణేనని రాసుకుంటారా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. డైరెక్టర్ నారాయణను కాసేపు చూసి, డెబ్రా వైపు తిరిగాడు. "ఆ రోజు ఇతను సారీ కాకుండా ఇంకేమైనా చెప్పాడా? తను ఏం చేశాడో, ఎలా చేశాడో?"

అప్పుడు డెబ్రా ఏదైనా కల్పించి ఉంటే మా పని అయిపోయేది. "లేదు. ఇలా ఎలా జరిగింది అని నేను గట్టిగా అడిగాను. సారీ అన్నాడు. నువ్వు చేశావా అని నేను అడగలేదు," అంది. భయస్తురాలని ముందు రాశాను. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆమెకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో నాకు తెలుసు, అందుకే ఆమె మీద గౌరవం కూడా ఉంది. మర్నాడు గుడ్ మార్నింగ్ చెప్పడానికి ఆ ఒక్కసారి నాకు కష్టం కాలేదు.

మిగిలిన వాదన నేను చేశాను. ట్యూబులు లేవు, చూసినవాళ్లు లేరు, ఇద్దరి పని ఒకడి చేత చేయించారు, మిగిలింది ఒక మర్యాద మాట. దాని మీద ఒక మనిషి ఉద్యోగం తీయడం కాంట్రాక్ట్ ప్రకారం చెల్లదు. మధ్యవర్తి దాకా వెళ్లాల్సిన పని పడలేదు. నెలాఖరు లోపే అతన్ని తిరిగి తీసుకున్నారు. ఆ బెంచ్ మీద రెండో మనిషిని కూడా వేశారు. సరోజ కీమో ఒక్క వారం కూడా ఆగకుండా పూర్తయింది.

సర్వపిండి

ఇక నారాయణ యూనియన్‌లో చేరతాడని అందరం అనుకున్నాం. కార్డు కూడా నా బ్యాగులో పెట్టుకుని తిరిగాను. అతను చేరలేదు.

తిరిగి వచ్చిన వారంలో సరోజ చేసిన సర్వపిండి తెచ్చి గుండ్రటి బల్ల మీద పెట్టాడు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి, గిన్నెకి అద్ది కాల్చిన రొట్టె. బెర్నిస్ రెండు ముక్కలు తిని మూడోది ఇంటికి కట్టించుకుంది. తర్వాత నెలా తెచ్చాడు, ఆ తర్వాతా తెచ్చాడు. సర్వపిండి తెస్తాడు గాని కార్డు మాట ఎత్తడు. గ్లెన్ ఒక ముక్క చేతిలోకి తీసుకుని, "బాగుంది. చందా ఇంకా బాగుండేది," అని నాకు వినబడేలా అన్నాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఇప్పుడు చేరితే మీ సాయానికి రేటు కట్టినట్టయితది అక్కా. మీరు నా ఇల్లు నిలబెట్టిన్రు. దానికి నేను నెలకింతని ఇస్తనా? మంచిగుండదు," అన్నాడు.

"ఇది నాకు ఇచ్చేది కాదయ్యా."

"నాకైతే మీకిచ్చినట్టే అనిపిస్తది."

ఇది మనవాళ్లు మాత్రమే చెప్పగలిగే కారణం. గ్లెన్‌కి ఎలా వివరించను? చేసిన మేలుకి వెంటనే డబ్బు ఇవ్వడం మనకు అవమానమని చెబితే, ఎప్పటికీ ఇవ్వకపోవడం ఏమిటని అడుగుతాడు. నాకూ ఆ మాట తప్పించుకునే తెలివిలాగే అనిపించింది. మనసు నొచ్చుకుంది. మళ్లీ అడగలేదు.

బెర్నిస్ రిటైరై జార్జియాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు ఆ బల్ల దగ్గర కేకు కోసి, "ఇతన్ని విసిగించకు," అని నారాయణను చూపించి నాకు చెప్పింది. ఆ బల్ల తర్వాత నాది అయింది. కొత్తవాళ్ల పిల్లల ఫోటోలు ముందు అడగడం నాకూ అలవాటైంది. ఎంతమంది కూర్చున్నారు ఆ బల్ల చుట్టూ! కట్టేవాళ్లు, కట్టనివాళ్లు, మధ్యలో మానేసి మళ్లీ వచ్చినవాళ్లు, అందరి డబ్బాలూ అందరికీ తెలుసు. ఇప్పుడు ప్లేనోలో, అమ్మాయి వాళ్లు పనికి వెళ్లాక, మధ్యాహ్నం ఒక్కదాన్నే అన్నం పెట్టుకున్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది అదే.

చట్టం పోయింది

పదేళ్లు పైబడ్డాక మిషిగన్‌లో ఆ చట్టాన్ని ఎత్తేశారు. మా యూనియన్ కొత్త కాంట్రాక్ట్ మాట్లాడి, పాత పద్ధతి తిరిగి తెచ్చింది. అది మొదలయ్యే రోజునుంచి ప్రతివాళ్లూ చందా గాని ఫీజు గాని కట్టాల్సిందే. మేం స్వీట్లు పంచుకున్నాం. గ్లెన్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. నా రిటైర్మెంట్‌కి ఇంకా కొన్ని వారాలే ఉంది.

కొత్త కాంట్రాక్ట్ సోమవారం మొదలవుతుందనగా ఆదివారం మధ్యాహ్నం, మంచు కురుస్తుండగా నారాయణ, సరోజ వచ్చారు. ముందు ఫోన్ చేయలేదు. సరోజ లోపలికి వస్తూనే బూట్ల మీది మంచు దులుపుకుని, "వదినా, పొద్దున్నించి ఒకటే గోల, ఇయ్యాలనే పోవాలె అని. రోడ్లు మంచిగ లేవంటే ఇనడు," అంది. మా ఆయన టీ పెట్టడానికి లేచారు.

నారాయణ కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"అక్కా, కార్డు ఉన్నదా మీ దగ్గర? మెంబర్‌షిప్‌ది."

"రేపటినుంచి ఎలాగూ నీ జీతంలోంచి పోతుంది కదా. ఈ మంచులో పడి రావాలా? రేపు ల్యాబ్‌లోనే ఇచ్చేదాన్ని," అన్నాను.

"రేపు వద్దక్కా. రేపటిసంది అందరి లెక్క నాకు కూడ కట్ అయితది. అది చట్టం కట్టించినట్టు. ఇన్నేండ్లు మంచి టైం చూసి ఇద్దామని ఆగిన. ఆగి ఆగి ఇయ్యాలటికి వచ్చిన. ఇయ్యాల ఒక్కరోజే మిగిలింది నేను ఇచ్చినట్టు ఉండేది."

ఇన్నేళ్లూ ఆ చట్టం పోవాలని నేను కోరుకున్నాను. అతను దాని ఆఖరి రోజు దాటిపోకూడదని ఆ మంచులో డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. బ్యాగులోంచి కార్డు తీసిచ్చాను, పెన్ను ఇచ్చాను. పేరు రాశాడు, సంతకం చేశాడు. తేదీ దగ్గర ఆగి తలెత్తాడు.

"ఇయ్యాల తారీకే కదక్కా రాయాల్సింది?"

"ఇవాళ్టిదే నారాయణా."

సంతకం కంటే పెద్ద అక్షరాలతో ఆ తేదీ రాశాడు.